ఒంటి దీపం

"ఆర్పానని ఒప్పుకోవు. ఆర్పలేదని గట్టిగానూ అనవు. మధ్యలో ఈ మౌనమేమిటి ఆండ్రూ?"

ప్రవల్లిక అడిగింది. ఆండ్రూ తలెత్తలేదు. కట్టు కట్టిన కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని, బల్ల మీద చల్లారిపోతున్న చాయ్ వైపే చూస్తూ కూర్చున్నాడు.

హార్బరు గేటు పక్కనున్న డ్యూటీ రూమది. దోహా దగ్గరి అల్ వక్రాకి దక్షిణంగా, సముద్రాన్ని రెండు రాతిగోడల మధ్య బంధించి కట్టిన ప్రైవేటు హార్బరు. గోడల లోపల నీళ్ళు అల లేకుండా నిలిచి ఉంటాయి కాబట్టి అందరూ దాన్ని బుహైరా అంటారు, అంటే సరస్సు అని. ఆ సరస్సుకి ఒకటే గుమ్మం. లోపలికి వచ్చేవాళ్ళకి ఎడమగోడ చివర ఎర్రదీపం బురుజు, కుడిగోడ చివర పచ్చదీపం బురుజు. పగలంతా నిద్రపోయి, చీకటి పడగానే రెండూ వాటంతట అవే కళ్ళు తెరుస్తాయి.

నిన్న సాయంత్రం ఎర్రదీపం కళ్ళు తెరవలేదు. జనరేటర్ల లోడుతో వస్తున్న పడవ ఒకటి పచ్చదీపాన్ని మాత్రమే చూసి, దానికి దూరంగా జరగబోయి, చీకట్లో ఉన్న ఎడమగోడని కొట్టుకుని మునిగిపోయింది. ఇద్దరు ఈదుకుంటూ బయటపడ్డారు. వంటవాడు ఇక్రాముద్దీన్ జాడ లేదు. దీపాల డ్యూటీ ఆండ్రూది. పొద్దుగూకే వేళ మగ్రిబ్ అజాన్ కాగానే పోలీసులు వచ్చి అతన్ని తీసుకెళ్తారు.

ప్రవల్లికది కాకినాడ. ఆ పడవలోని సరుకుకి బీమా చేసిన కంపెనీ తరఫున నిజానిజాలు తేల్చడానికి వచ్చింది. మునిగిన పడవలూ కాలిన గోదాములూ చూసి చూసి మొద్దుబారాల్సిన మనిషే గానీ, ఒక్క విషయంలో మాత్రం ఆమె మనసు ఎన్నడూ గట్టిపడలేదు. ఎవరైనా గుమ్మం దాటి వెళ్తుంటే, ఇదే ఆఖరి చూపేమో అన్నట్టు వీపు కనుమరుగయ్యేదాకా చూస్తుంది. ఆ అలవాటు ఎక్కణ్ణించి వచ్చిందో ఎవరూ అడగరు, ఆమె చెప్పదు.

"అడుగుడు అయిపోయిందా మేడం?" తలుపు దగ్గర నిలబడ్డ గౌస్ మొహియుద్దీన్ గడియారం చూసుకున్నాడు. హార్బరు సెక్యూరిటీకి ఆయనే పెద్ద. పాతబస్తీలో పుట్టాడు, మాటలో ఇంకా పాతబస్తీయే ఉంది. "కరెంటు పోలె. స్క్రీన్ మీద ఫాల్ట్ రాలె. దీపం ఖరాబ్ కాలె, ఇంక జర సేపటికే మళ్ళ వెలిగింది గద! అంటే ఏంది? ఎవడో చేత్తోని బంద్ చేసిండు, చేత్తోని చాలూ చేసిండు. బురుజు తాళంచెవి ఎవని దగ్గరుండె? గీయన దగ్గర. ఖేల్ ఖతం."

"తాళంచెవి ఒక్కటేనా?"

"ఇంకోటి ఫోర్మన్ దగ్గర ఉంటది."

ఆ ఫోర్మన్ ధర్మరాజు అప్పుడే ఒక చేత్తో ఖర్జూరాల పళ్ళెం, ఇంకో చేత్తో పనిముట్ల సంచీ పట్టుకుని లోపలికి వచ్చాడు. పాలకొల్లు వాడు. తల పూర్తిగా నెరిసింది. హార్బరులో తెలుగువాళ్ళందరికీ ఆయన బాబాయి. కట్టున్న చేత్తో ఆండ్రూ తినలేడని, గింజ తీసి తనే నోటికందించాడు.

"తిను అల్లుడూ. పొద్దున్నించీ ఏమీ తిన్లేదంట. ప్రభువున్నాడు, అన్నీ ఆయనే చూసుకుంటాడు." ప్రవల్లిక వైపు తిరిగి నమస్కారం పెట్టాడు. "పసిపిల్లాడి మనసమ్మా వీడిది. ఏదో పొరపాటు జరిగుంటాది గానీ కావాలని చేసే రకం కాదండి. మీరే కాస్త కనికరించి రాసుకోవాలి."

"మీరెక్కడికి, చేతిలో ఆ సామాను?"

"పచ్చదీపం అద్దానికి దుమ్ము పట్టిందండి. చీకటి పడేలోగా తుడిచొచ్చేస్తాను. వీడి పని కూడా నేనే చేసుకోవాలి కదండీ ఇయ్యాళ." సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. కిటికీలోంచి ప్రవల్లిక అలవాటు కొద్దీ ఆయన వీపునే చూసింది. చిన్న మోటారు బోటు ఎక్కి అవతలి గోడవైపు సాగిపోయాడు.

ఆమె కుర్చీ ఆండ్రూకి దగ్గరగా జరుపుకుంది. "పొరపాటు అన్నాడాయన. పొరపాటేనా?"

ఆండ్రూ చాయ్‌ని పక్కకి జరిపాడు.

"సరే, పద. ఎర్రదీపం బురుజు ఎక్కుదాం. పైన ఏముందో నువ్వే చూపించు."

అప్పటిదాకా స్విచ్చి గురించి అడిగినా, తాళంచెవి గురించి అడిగినా, పోలీసుల పేరు ఎత్తినా కదలని మనిషి ఉలిక్కిపడ్డాడు. "పైకెందుకండీ? పైన ఏం లేదండి మేడమండి!"

ప్రవల్లిక లేచి నిలబడింది. ఏమీ లేని చోటుకి మనిషి అంతగా భయపడడు.

*

మెట్లు గుండ్రంగా తిరుగుతూ పైకి పోయాయి. ఆఖరి తలుపు తోసి లోపలికి అడుగుపెట్టిన ప్రవల్లిక, వచ్చిన పని ఒక్క క్షణం మరిచిపోయింది.

గది మధ్యలో మనిషెత్తు గాజుపువ్వు. రేకు మీద రేకు, రేకు మీద రేకు, అన్నీ లోపలికి వంగి, నడుమ ఉన్న చిన్న దీపానికి దోసిలి పట్టినట్టు ఉన్నాయి. ఏ దేశంలోనో పాతబడి దించేసిన దీపస్తంభం అద్దాన్ని ఇక్కడివాళ్ళు ముచ్చటపడి కొనితెచ్చి పెట్టుకున్నారట. లోపలి దీపం మాత్రం ఇప్పటిది, ఎర్రటి గాజు తొడిగిన చిన్న లైటు. ప్రతి రేకులోనూ బయటి సముద్రం తలకిందులుగా వేలాడుతోంది. నీళ్ళు పైన, ఆకాశం కింద. దూరాన దోహా మేడలు మంచు ఊడల్లా కిందికి దిగి ఉన్నాయి.

"ఇంత చిన్న లైటా సముద్రం మీదికి అంతదూరం పోయేది?" అంది, తనకి తెలియకుండానే గొంతు తగ్గించి. గుళ్ళో అయినా చర్చిలో అయినా మసీదులో అయినా మనుషులు అలాగే మాట్లాడతారు.

"ఔనండి. వెలుగు చిన్నదే. అద్దం దాన్ని చెదిరిపోనివ్వదండి." ఆండ్రూ మొహంలో ఆ రోజు మొదటిసారి కాస్త ప్రాణం కనిపించింది. "ఎన్నాళ్ళు చూసినా నాకూ అలాగే ఉంటాదండి. పొద్దుగూకే వేళకి ఇక్కడ నిలబడితే, ఎవరూ ముట్టుకోకుండానే అది లేస్తాదండి. అప్పుడు నాకు ఒళ్ళు జలదరిస్తాది."

"ఎవరూ ముట్టుకోకుండా ఎలా లేస్తుంది?"

అతను గది బయటి వరండాలోకి నడిచి, ఇనుప కమ్మీకి బిగించిన అగ్గిపెట్టెంత డబ్బా చూపించాడు. దానికి చిన్న గాజు బొట్టు ఉంది. "ఇదండి దీని కన్ను. వెలుగు తగిలినంతసేపూ పగలనుకుంటాది. చీకటి పడితే దీపాన్ని లేపుతాది."

ప్రవల్లిక ఆ గాజు బొట్టు మీద అరచెయ్యి మూసింది. కొన్ని ఊపిరులు గడిచాయి. వెనక గదిలో ఏదో టక్కుమంది. తిరిగి చూసేసరికి ఆ గాజుపువ్వు మొత్తం దానిమ్మ గింజలా ఎర్రగా వెలిగిపోతోంది. ఇంకా పొద్దుండగానే, ఆమె ఒక్క అరచేతి చీకటికి, అంత పెద్ద దీపం లేచి కూర్చుంది. చెయ్యి తీయడానికి ఆమెకి ధైర్యం చాలలేదు. తీసింది. కాసేపటికి దీపం మళ్ళీ నిద్రపోయింది.

"తమాషా బాగుంది మేడం," అన్నాడు గౌస్, ఆయాసం తీర్చుకుంటూ. "గని మనం తమాషా కొరకు వచ్చినమా?"

"తమాషా కాదు గౌస్ సాబ్. దీన్ని లేపడానికి చీకటి చాలు. అంటే నిద్రపుచ్చడానికి వెలుగు చాలు. దానికి స్విచ్చి అక్కర్లేదు. మీ స్క్రీన్ మీద ఫాల్ట్ ఎందుకు రాలేదో తెలిసిందా? దీపానికి ఏ జబ్బూ లేదు. ఎవరో దానికి ఇంకా పగలే అని అబద్ధం చెప్పారు."

గౌస్ దగ్గరికి వచ్చి ఆ గాజు బొట్టుని పరీక్షగా చూశాడు.

ప్రవల్లిక వంగి కమ్మీని వెతికింది. కన్నుకి బెత్తెడు దూరంలో నైలాన్ దారం ముడి ఒకటి మిగిలిపోయి ఉంది. లాగి చూసింది. రాయిలా బిగిసిన ముడి. దాని కింద చిక్కుకుని గోరంత ఎర్ర కాగితం ముక్క గాలికి రెపరెపలాడుతోంది. ఆ కాగితాన్ని ఆమె తన చిన్నతనం నుంచీ ఎరుగును. డిసెంబరు వచ్చిందంటే వాళ్ళ వీధిలో ప్రతి గుమ్మానికీ అదే కాగితం.

"ఆండ్రూ," అంది మెల్లగా. "స్టారు ఎక్కడ దాచావు?"

అతను గోడకి ఆనుకుని అలాగే కిందికి జారిపోయాడు. ఏడుపు ముందు గొంతులో రాలేదు, భుజాల్లో వచ్చింది. కాసేపటికి లేచి, మెట్ల మలుపులో బ్యాటరీలు పెట్టే అల్మరా తెరిచి, గుడ్డపీలికల వెనక నుంచి నలిగిన ఎర్రటి క్రిస్మస్ స్టారు తెచ్చి ఆమె చేతుల్లో పెట్టాడు.

"మాది అంతర్వేది దగ్గరండి. మావాళ్ళు వేటకెళ్ళేవాళ్ళు. డిసెంబరు ఒకటినించీ మా పేటలో స్టార్లు ఇంటి గుమ్మానికి కట్టరండి, సముద్రం వైపు వాసానికి కడతారు. వేటలో ఉన్నోళ్ళు పండక్కి దారి చూసుకుని రావాలని. మా నాన్న ఒక డిసెంబరులో వెళ్ళి రాలేదండి. అయినా అమ్మ కట్టడం మానలేదు. అమ్మ పోయాక నేను మానలేకపోయాను. ఇక్కడ ఏదీ కట్టకూడదని రూలండి. ఎవరికీ కనపడకుండా కమ్మీకి లోపలివైపు కట్టుకుంటన్నాను. నిన్న గోడ దగ్గర కేకలు విని పైకి పరిగెత్తానండి. స్టారు వెలుగుతోంది, దీపం లేదు. స్టారు పీకేశాను. పీకిన కాసేపటికి దీపం లేచిందండి." అతను రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. "ఆ వంటాయన్ని నేనే చంపేశానండి. పండక్కి ఇంటికి రావాలని కట్టిన స్టారుతో చంపేశాను."

గౌస్ గొంతు సవరించుకున్నాడు.

"చూసిన్రా మేడం. నేను ఆర్పిండన్న. మీరు ఎట్ల ఆర్పిండో చెప్పిన్రు. శుక్రియా. నా కేసు మీరే పక్కా చేసిన్రు."

ప్రవల్లిక చేతిలోని స్టారు వైపు చూసింది. నిజమే. తవ్వితే నీళ్ళు పడతాయనుకున్న గొయ్యి, ఈ పిల్లాడికి గొయ్యిలాగే మిగిలేట్టుంది. కానీ ఆ స్టారు చేతిలో తేలిగ్గా లేదు. ఆమె దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుంది.

"పోయిన ఏడాది కూడా కట్టావా?"

"కట్టానండి. వచ్చిన ప్రతి ఏడాదీ కట్టాను."

"ఎప్పుడూ దీపం ఆరలేదా?"

"లేదండి." అనేసి, అన్నమాట తనే విన్నట్టు తలెత్తాడు.

"లోపల ఏం బల్బు పెట్టేవాడివి?"

"జీరో బల్బండి. ఎర్ర కాగితంలోంచి కనపడీ కనపడనట్టు ఉండేది."

"ఇది జీరో బల్బా?" స్టారు అడుగు నుంచి తెల్లటి లైటు బయటికి లాగింది. దుకాణాల ముందు పెట్టే రకం, కళ్ళు జిగేల్మనిపించేది. కింద బ్యాటరీ కూడా పెద్దదే. "ఇంకా చూడు. గాలికి చిరిగిన కాగితం ఎలా ఉంటుంది? అంచులు పీచు పీచుగా ఉంటాయి. ఇక్కడ చూడు. గౌస్ సాబ్, మీరూ చూడండి. ఒక రేకు మీద చదరంగా కిటికీలా కోశారు. బ్లేడుతో కోసిన గీత. ఆ కిటికీ ఏ వైపు తిరిగి ఉండేది?"

ఆండ్రూ వరండా కమ్మీ వైపు వేలు చూపించాడు. "కన్ను వైపండి."

"ఈ చేత్తో ఆ ముడి వెయ్యగలవా నువ్వు?"

అతను కట్టున్న కుడి చేతిని కొత్తగా చూసుకున్నాడు. "లేదండి. అద్దం కడుగుతుంటే తెగింది. అందుకే ఈ ఏడు బాబాయి కట్టాడండి. నీకెందుకు శ్రమ అల్లుడూ, ఈసారి మీ నాన్నకి సముద్రం మధ్యలోంచే కనపడేలా కడతానన్నాడు. బల్బు కూడా ఆయనే తెచ్చాడు. కట్టింది నిన్న సాయంత్రమేనండి, అంతకుముందు కాదు."

"ధర్మరాజా?" గౌస్ గట్టిగానే నవ్వాడు గానీ ఆ నవ్వు మధ్యలో తెగింది. "నక్కో మేడం. ఆ ముసలాయనకు ఏం పడ్డది పడవ ముంచెటందుకు?"

"పొద్దున మా కంపెనీ ఈతగాడు నీళ్ళలోకి దిగి ఆ మునిగిన పడవ చూసొచ్చాడు. జనరేటర్లు లేవు. ఇసుక బస్తాలున్నాయి. లేని సరుకుకి బీమా డబ్బు రావాలంటే పడవ మునగాలి. దీపం ఆర్పి పెట్టే మనిషొకడు ఒడ్డున కావాలి. నేరం మొయ్యడానికి ఇంకొకడు కావాలి." ఆమె ఆండ్రూ వైపు చూడకుండానే అంది. "తండ్రి కోసం స్టారు కట్టుకునే పిచ్చివాడైతే ఇంకా మంచిది. వాడు నోరే విప్పడు."

గౌస్ టోపీ తీసి చేత్తో నలిపాడు. ఒప్పుకోవడం ఆయనకి అలవాటు లేని పని. "మీకు సాక్షి లేడు. నాకున్నడు. ఆఖరికి చెప్దామనుకున్న. వంటాయన ఇక్రాముద్దీన్ బతికే ఉన్నడు."

ఆండ్రూ దిగ్గున లేచాడు. "బతికున్నాడా అండీ?"

"గ్యాస్ సిలిండర్ పట్టుకొని తేలిండట. ఇసుక తవ్వే బార్జి వాళ్ళు పొద్దుగాల లేపిన్రు. డ్యూటీ దిగిన మనుషులను తెచ్చే సాయంత్రం పడవలనే వస్తున్నడు. వచ్చి మొత్తం చెప్తడు."

"పడవలో సరుకు లేదన్న సంగతి కూడా చెప్తాడు," అంది ప్రవల్లిక. "ఈ మాట ఇంకెవరికైనా చెప్పారా?"

"నేనెవ్వరికి చెప్పలె. వైర్లెస్ వచ్చినప్పుడు డ్యూటీ రూముల ఉన్నోడు ఒక్కడే..." గౌస్ ఆగిపోయాడు.

ఆ ఒక్కడూ ధర్మరాజేనని వేరే చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

*

అప్పుడే దూరాన మసీదులో అజాన్ మొదలైంది. దుమ్ము కమ్మిన ఆకాశం కింద సూర్యుడు రాగి నాణెంలా ఉన్నట్టుండి కరిగిపోయాడు. వాళ్ళ వెనక గాజుగదిలో టక్కుమంది. ఎర్రదీపం లేచింది. దాని వెలుగు ముగ్గురి భుజాల మీదుగా, ఆ పెద్ద నీటి మీదికి, నిండుగా, నింపాదిగా నడిచి వెళ్ళింది.

అవతలి బురుజు లేవలేదు.

వాళ్ళు చూశారు. ఎదురుచూశారు. గుమ్మానికి అవతల పచ్చదీపం చోట చీకటి గుంట తప్ప ఏమీ లేదు. కాదు, ఒకటుంది. బురుజు వరండాలో, కమ్మీ పక్కన, ముత్యమంత తెల్లటి చుక్క.

"కన్నుకి లైటు పెట్టాడండి!" ఆండ్రూ కమ్మీ పట్టుకుని వంగాడు. "అదిగోండి పడవ! వచ్చేస్తోంది!"

దుమ్ములోంచి పడవ ముక్కు కనిపించింది. దాని నిండా మనుషులు. బర్వా అల్ బరాహా కూలీల క్యాంపుకి పోయే బస్సు కోసం రోజూలాగే సంచులు భుజాన వేసుకుని లేచి నిలబడ్డారు. పడవ నిన్నటిలాగే, ఉన్న ఒక్క దీపాన్నీ చూసి, దానికి దూరంగా జరగడం మొదలుపెట్టింది. కుడిగోడ వైపుకి.

గౌస్ వైర్లెస్‌లో అరుస్తున్నాడు. "రోకో! పడవ రోకో! కాప్టన్, సున్తే క్యా?" బర బర మనడం తప్ప జవాబు లేదు. "ఇంజిన్ మోతల వినపడ్తలేదు వానికి!"

"రెండు దీపాలూ లేకపోతే ఏం చేస్తారు?" ప్రవల్లిక ఆండ్రూ భుజం పట్టి కుదిపింది. "గుమ్మం మొత్తం చీకటైతే?"

"రూలండి. ఇంజిన్ ఆపేసి ఉన్నచోటే నిలబడాలి. ఒకటి కనపడితేనే వస్తారు. ఒంటి దీపమే..." అతని కళ్ళు పెద్దవయ్యాయి.

"ఆర్పెయ్."

ఆండ్రూ ఆమెని చూశాడు. గౌస్‌ని చూశాడు. ఏ పని చేశాడని రేపు కోర్టులో నిలబెడతారో, ఆ పనే సెక్యూరిటీ ఆఫీసరు కళ్ళెదుట తన చేత్తో చెయ్యాలి.

"చెయ్యి బేటా," అన్నాడు గౌస్. గొంతు పూర్తిగా మారిపోయింది. "నేను చూస్తున్న. నేనే చెప్తున్న. ఆర్పు!"

ఆండ్రూ స్టారు లాక్కున్నాడు. బల్బుని మళ్ళీ లోపలికి తోసి మీట నొక్కాడు. కోసిన కిటికీని కన్నుకి ఆనించి, పిల్లని ఎత్తుకున్నట్టు గుండెకి అదుముకుని పట్టుకున్నాడు. పెదవులు ఏదో ప్రార్థన గొణుగుతున్నాయి. ఒక ఊపిరి. ఇంకొకటి. పడవ గోడ నీడలోకి వచ్చేస్తోంది. ఇంకొకటి.

గాజుపువ్వు ఆరిపోయింది.

సముద్రం మీద వెలుగన్నది లేకుండా పోయింది. ఆ చీకట్లో ముందు ఇంజిన్ మోత తగ్గింది, తర్వాత ఆగింది. నీళ్ళ మీద తెలుగూ హిందీ బెంగాలీ కలగలిసిన గోల వినిపించింది. "అరె ఏమైందిరా?" "లైటెక్కడ భాయ్?" బతికున్న మనుషుల గోల. ప్రవల్లికకి అంతకన్నా తీయని చప్పుడు ఎప్పుడూ విన్నట్టు లేదు.

వైర్లెస్ గరగరలాడింది. ఆ గొంతు ముగ్గురికీ తెలుసు.

"గౌస్ సార్, ధర్మరాజునండి. ఎర్రదీపం ఆరిపోయింది, చూశారా? ఆండ్రూగాడు మళ్ళీ ఆర్పేసినట్టున్నాడండి. పాపం, వాడి బుద్ధి..."

గౌస్ వైర్లెస్‌ని నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు.

"ఔ ధర్మరాజు. ఆర్పిండు. నేనే ఆర్పమన్న. మరి నీ దీపం ఎవరు ఆర్పమన్నరు?"

అటునుంచి ఊపిరి మాత్రం వినపడింది, తర్వాత అదీ ఆగింది. అవతలి బురుజు మీద తెల్లచుక్క మాయమైంది. కాసేపటికి, ఎవరూ ముట్టుకోకుండానే, పచ్చదీపం నిద్రలేచింది.

"ఇంక తీసెయ్ ఆండ్రూ," అంది ప్రవల్లిక. అతను స్టారుని కన్ను మీదనుంచి తీశాడు గానీ గుండె మీదనుంచి తీయలేదు. ఎర్రదీపమూ లేచింది. రెండు వెలుగులూ నీళ్ళ మీద ఎదురెదురుగా నడిచి, గుమ్మం మధ్యలో కలుసుకున్నాయి. ఆ వెలుతురులో ఆగిన పడవ, అందులో పైకెత్తిన మొహాలన్నీ, ఒక్కొక్కటే లెక్కపెట్టగలిగినంత స్పష్టంగా కనిపించాయి. నడుమ దుప్పటి కప్పుకుని కూర్చున్న మనిషి ఇక్రాముద్దీనే అయ్యుండాలి.

ప్రవల్లిక కళ్ళు తుడుచుకుంది. వెంటనే కమ్మీ గట్టిగా పట్టుకుంది.

పచ్చబురుజు కిందినుంచి ధర్మరాజు చిన్న మోటారు బోటు బయల్దేరింది. ఒడ్డు వైపుకి కాదు, తప్పించుకునే సముద్రం వైపుకీ కాదు. ఆగిన పడవ వైపుకే, ఇక్రాముద్దీన్ కూర్చున్న చోటికే, నేరుగా, వేగం పెంచుకుంటూ వస్తోంది.

దానికి దీపం లేదు.